గంటం ఆగినప్పుడు – సృజనశక్తి అన్వేషణలో ఒక చరిత్ర

ఈ ఉత్సవ సంచికకు మన యువతీయువకుల చేత తెలుగులో నాలుగు మాటలు వ్రాయించాలని మేము ఇంటింటికీ వెళ్ళి అడిగాము. తాతగారు రబ్బరు తోటలో పనిచేసిన రోజులను గురించి వ్రాయవచ్చు, అమ్మమ్మ పాడే పాటను గురించి వ్రాయవచ్చు అని చెప్పి చూశాము. వచ్చిన వ్యాసాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. మిగిలిన పిల్లల సమాధానం దాదాపు ఒక్కటే: "కూర్చున్నాము మామయ్యగారూ, ఏమీ తోచలేదు. అది పుట్టుకతో రావాలి గదా! మాకు ఆ వరం లేదు." తల్లిదండ్రులు కూడా అవునన్నట్లు తలలూపారు.

ఏమీ తోచకపోవడం వరం లేదనడానికి గుర్తా? ఈ ప్రశ్న మన పిల్లలది మాత్రమే కాదు. కవులు, శాస్త్రజ్ఞులు, మనస్తత్వవేత్తలు చాలాకాలంగా దీనితో పెనుగులాడారు. ఆ అన్వేషణ చరిత్రలో మేము తెలుసుకున్న కొద్దిపాటి విషయాలను పాఠకుల ముందు పెడుతున్నాము.

మన పెద్దలు చెప్పే కథతోనే ప్రారంభిద్దాము. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతనగారు భాగవతాన్ని తెనిగిస్తూ అష్టమ స్కంధంలోని గజేంద్ర మోక్షానికి వచ్చారు. మొసలికి చిక్కిన ఏనుగు మొర వైకుంఠానికి వినిపించాలి. ఆ వైకుంఠం ఎట్లుంటుంది? పద్యం మొదలుపెట్టి, ఆపైన సాగక, గంటం ప్రక్కన పెట్టి బయటకు వెళ్ళారట. తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉన్నది. "ఎవరు వ్రాశారమ్మా?" అని కుమార్తెను అడిగితే, "మీరే గదా నాన్నగారూ, ఇప్పుడే వచ్చి వ్రాసి వెళ్ళారు" అన్నదట. శ్రీరామచంద్రుడే పోతన రూపంలో వచ్చి పద్యాన్ని పూర్తిచేశాడని భక్తుల విశ్వాసం.

ఆ విశ్వాసాన్ని ప్రశ్నించడం మా ఉద్దేశం కాదు. కథలోని క్రమాన్ని మాత్రం గమనించండి. అంతటి మహాకవికి కూడా గంటం ఆగింది. ఆగేంతవరకు ఆయన శ్రమించారు. ఆగినప్పుడు లేచి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి పద్యం సిద్ధంగా ఉన్నది. అది తాను వ్రాసినట్లు ఆయనకే తోచలేదు. శ్రమ, విరామం, స్ఫురణ – ఈ మూడింటినీ మన జనం కథగా చెప్పుకున్నారు.

మన ఆలంకారికులు కూడా ఈ విషయాన్ని శాస్త్రంగా ఆలోచించారు. 11వ శతాబ్దిలో మమ్మటుడు కావ్యానికి శక్తి, నైపుణ్యం, అభ్యాసం మూడూ కలసి కారణమన్నాడు. అతనికంటె ముందువాడైన దండి మరొక అడుగు ముందుకు వేశాడు. సహజ ప్రతిభ లేకపోయినా చదువుతో, శ్రమతో సేవించిన వానిపై వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం తప్పక చూపుతుందని అతని కావ్యాదర్శంలో ఉన్నది. వరం లేదని కూర్చున్నవారికి అంతకంటె ధైర్యవచనం ఏమి కావాలి?

పాశ్చాత్య దేశాలలో ఈ విచారణ శాస్త్రజ్ఞుల స్వానుభవాలతో ఊపందుకున్నది. 1891లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్‌కు 70 ఏండ్లు నిండిన సందర్భంగా బెర్లిన్‌లో జరిగిన సన్మానంలో ఆయన తన మనస్సు పనిచేసే తీరును గురించి చెప్పారు. సమస్యను అన్ని వైపులా త్రిప్పి చూచి, కాగితం మీద పెట్టకుండానే దాని మెలికలన్నీ మనస్సులో నిలిచేదాకా శ్రమించాలి. ఆ శ్రమ వలన కలిగిన అలసట పూర్తిగా తీరిన తరువాతనే మంచి ఆలోచనలు వచ్చేవట. వ్రాతబల్ల దగ్గర ఎన్నడూ రాలేదట. తెల్లవారి మేలుకున్నప్పుడు, లేదా ఎండకాసే వేళ చెట్లున్న కొండలు నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు వచ్చేవట.

1908లో ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాంకరే పారిస్‌లోని మనస్తత్వ పరిషత్తు ముందు చేసిన ఉపన్యాసం మరింత ప్రసిద్ధమైనది. యౌవనంలో కాన్ పట్టణంలో పనిచేసేటప్పుడు ఆయన ఒక గణిత సమస్యపై 15 రోజులు కుస్తీపట్టారు. ఒక రాత్రి అలవాటు లేని కాఫీ త్రాగి నిద్రపట్టక, తలలో ఆలోచనలు ఒకదానినొకటి ఢీకొంటుండగా తెల్లవారేసరికి సగం దారి కనిపించింది. తరువాత భూగర్భశాస్త్ర యాత్రకని ఊరు విడిచి వెళ్ళారు. ప్రయాణంలో గణితం ఊసే మరచిపోయారు. కూతాన్స్ అనే ఊరిలో బండి మెట్టుపై కాలు పెట్టిన క్షణాన, అసలు కీలకం ఆయనకు తట్టింది. పూర్తి నమ్మకం కలిగినా, ఇంటికి వచ్చిన తరువాత తీరికగా సరిచూసుకున్నారు. ఈ చివరి వాక్యాన్ని మన పిల్లలు గుర్తుంచుకోవాలి.

ఈ అనుభవాలను ఒక పద్ధతిలో కూర్చినవారు గ్రాహం వాలస్. ఆయన మనస్తత్వవేత్త కాదు. లండన్‌లో రాజనీతి బోధించిన ఆచార్యుడు. 1926లో వెలువడిన "ఆర్ట్ ఆఫ్ థాట్" అనే గ్రంథంలో సృజనకు నాలుగు దశలు చెప్పారు. మొదటిది సన్నాహం – చదవడం, అడగడం, తప్పులు చేయడం. రెండవది పొదుగు – కోడి గుడ్లపై కూర్చున్నట్లు, పైకి ఏమీ జరగనట్లు కనిపించే కాలం. మూడవది స్ఫురణ. నాలుగవది పరీక్ష – వచ్చినదానిని సరిచూచి, దిద్ది, రూపమివ్వడం. మొదటి మూడు దశలకూ ఆధారం హెల్మ్‌హోల్ట్జ్ మాటలే. నాలుగవదానిని వాలస్ చేర్చారు. తరువాత వచ్చిన సిద్ధాంతాలలో అనేకం ఈ నాలుగు మెట్లను అంగీకరించడానికో, ఖండించడానికో పుట్టినవే.

దీనికి ఉదాహరణ కోసం మనం యూరపు దాకా పోనక్కరలేదు. మన తాతముత్తాతలు వచ్చి స్థిరపడిన ఈ మలయ ద్వీపకల్పం చుట్టుప్రక్కలనే ఒకటి ఉన్నది. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ఆంగ్ల ప్రకృతి పరిశోధకుడు (పై వాలస్‌కూ ఇతనికీ సంబంధం లేదు) 1854లో సింగపూరులో దిగి, ఎనిమిదేండ్లు ఈ దీవులన్నీ తిరిగాడు. 1855లో సరవాక్‌లో ఉండగానే జీవజాతుల పుట్టుకను గురించి ఒక వ్యాసం వ్రాశాడు. కాని జాతులు ఎట్లా మారతాయన్న ముడి మాత్రం విడలేదు. 1858 ఫిబ్రవరిలో, నేటి ఇండొనేషియాలోని టెర్నేటె ప్రాంతంలో, చలిజ్వరంతో దుప్పట్లు కప్పుకొని పడుకొని ఉండగా, సుమారు 12 ఏండ్ల క్రితం చదివిన మాల్థస్ గ్రంథం గుర్తుకు వచ్చింది. జనాభా పెరుగుదలను అడ్డుకునే కరవులు, రోగాలు జంతువులకూ ఉన్నవి గదా! మిగిలేది ఎవరు? తగినవే మిగులుతాయి. ముడి విడిపోయింది. జ్వరం తగ్గగానే ఆ తరువాతి రెండు సాయంత్రాలలో వ్యాసం పూర్తిచేసి డార్విన్‌కు పంపాడు. 1858 జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలూ కలిపి చదివారు.

జ్వరం వచ్చినవారందరికీ ఇట్టి ఆలోచన రాదు. దాని వెనుక అమెజాన్ అడవులలో నాలుగేండ్లు, ఈ దీవులలో నాలుగేండ్లు ఉన్నవి. 12 ఏండ్లు మరుగునపడిన ఒక పుస్తకం ఉన్నది.

అయితే గొప్పవారి కథలనే నమ్ముకుంటే ప్రమాదం కూడా గలదు. సంగీతమంతా ఒక్కసారిగా తలలో వినిపించేదని మోజార్ట్ వ్రాసినట్లుగా 1815లో ఒక ఉత్తరం అచ్చయింది. లోకమంతా నమ్మింది. అది కల్పితమని తరువాత పండితులు తేల్చారు. మోజార్ట్ వ్రాతప్రతులలో చిత్తులున్నాయి, దిద్దుబాట్లున్నాయి, కొంత వ్రాసి విడిచి ఎన్నాళ్ళకో తిరిగి అందుకున్నవి ఉన్నాయి. ఆయనకు కూడా కలం ఆగేది!

అందుచేత మనస్తత్వవేత్తలు కథలు విడిచి ప్రయోగాలకు దిగారు. 1935లో కాథరిన్ పాట్రిక్ అనే అమెరికా పరిశోధకురాలు 55 మంది కవులకు, కవులు కాని 58 మందికి ఒక ప్రకృతి చిత్రాన్ని చూపి, పైకి మాట్లాడుతూ పద్యం కట్టమన్నారు. వారు పలికినదంతా వ్రాసుకున్నారు. నాలుగు దశలు కనిపించాయి గాని, మెట్లవలె విడివిడిగా లేవు. ఒకదానిలోనికి ఒకటి చొరబడుతున్నవి. అంతకంటె ముఖ్యం – కవులు కానివారిలో కూడా అవే దశలు కనిపించాయి. పద్యం నాణ్యతలో తేడా ఉండవచ్చును. మనస్సు నడిచే దారి ఒక్కటే.

1950లో అమెరికా మనస్తత్వ పరిషత్తు అధ్యక్షోపన్యాసంలో గిల్‌ఫర్డ్ ఒక లెక్క చెప్పారు. అప్పటి మనస్తత్వశాస్త్ర సూచికలోని సుమారు 1,21,000 రచనలలో సృజనశక్తికి సంబంధించినవి 186 మాత్రమే. అది కొద్దిమంది మేధావుల సొత్తు కాదని, ఎంత కొంచెమైనా దాదాపు అందరిలో ఉంటుందని ఆయన వాదించారు. అక్కడినుండి ఈ శాస్త్రం పుంజుకున్నది. 2009లో సియో, ఆర్మరాడ్ అనే పరిశోధకులు 117 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూడగా, సమస్యను కొంతకాలం ప్రక్కన పెట్టడం మొత్తం మీద మేలు చేస్తుందని తేలింది. ముందుగా పడిన శ్రమ ఎక్కువైనకొద్దీ ఆ మేలు కూడా ఎక్కువైనది.

ఈ మాట మన పెద్దలకు కొత్త కాదు. రబ్బరు చెట్టుకు ప్రతిరోజూ గీత పెట్టరు. రోజు విడిచి రోజు పెడతారు. గీత పెట్టని రోజున చెట్టు ఊరకే ఉన్నట్లు కనిపిస్తుంది. లోపల పాలు ఊరుతూనే ఉంటాయి. అయితే అసలు గీతే పెట్టని చెట్టు క్రింద గిన్నె కట్టి కూర్చుంటే ఏమి వస్తుంది?

మన పిల్లల విషయంలో మా బాధ ఇక్కడనే ఉన్నది. వారికి తోచకపోవడం తప్పు కాదు, వరం లేకపోవడమూ కాదు. తెలుగులో వారికి సన్నాహం చాలలేదు. తెలుగు మాట వినని చెవిలో తెలుగు మాట ఎట్లా స్ఫురిస్తుంది? ఆ లోటు వారిది కాదు. ఇంట్లో ఆ మాటను కరవు చేసిన మనది. ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి, ఏమీ రాకపోతే "నీకు రాదులే" అని మనమే తేల్చివేశాము. పోతనగారి ఇంట్లో ఎవరూ అట్లా అన్నట్లు కథలో లేదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లలకు ఇంట్లో తెలుగు వినిపించండి, కథ చెప్పండి, చెప్పించండి. వ్రాయలేక లేచిపోతే పోనివ్వండి; మరునాడు తిరిగి కూర్చోబెట్టండి. వచ్చినది తప్పులతో వస్తే ఎగతాళి చేయక ప్రక్కన కూర్చుని దిద్దండి. ఈసారి ఖాళీగా మిగిలిన పుటలను వచ్చే సంచికలో వారి పేర్లతో నింపుతామని మా ఆశ.