మన్యంలో డేరా మేకు: కొయ్యూరు కొండల చరిత్రలో ఒక చిన్న సాధనం

డేరా నిలకడ గుడ్డ మందం కన్నా నేలలోకి దిగిన మేకుల పట్టు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మేకు గట్టిగా ఉండాలి, మోయడానికి తేలికగా కూడా ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే వస్తువులో కుదరడం కష్టం. కొయ్యూరు, చింతపల్లి, గూడెం ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే, మేకు బరువు ఎంత అన్న ప్రశ్న వెంటనే ఆ బరువు ఎవరి భుజాన పడింది అన్న ప్రశ్న కూడా తలెత్తుతుంది.

1839 నాటి చట్టం విశాఖపట్నం జిల్లా కొండ ప్రాంతాల్లో అధిక భాగాన్ని సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, ప్రభుత్వ ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. బండిబాటలు అరుదైన ఆ కొండల్లో పర్యటించే అధికారుల డేరాలు, కనాతులు (గుడ్డ తెరలు), తాళ్లు, మేకుల సంచులు చాలావరకు మనుషుల తలల మీద, కావళ్లలో కదలవలసి వచ్చేది. సరైన కూలి లేకుండా ప్రజల చేత బలవంతంగా చేయించే ఈ రకం పనినే వెట్టి అనేవారు.

లోహపు మేకులు ఇనుముతో చేసినవి కావడంతో బరువెక్కువ. అందువల్ల కొయ్య మేకులకే వాడుక ఎక్కువగా ఉండేది. గట్టిదనం వల్ల తుమ్మ, రేగు కర్రలు భారతదేశంలో ఈ పనికి పేరు పొందాయి. కొండవాలుల్లో సులభంగా దొరికే సాధన వెదురు, అంటే లోపల గుల్ల దాదాపు లేకుండా గట్టిపడే జాతి, బరువు తక్కువై దెబ్బకు ఓర్చుకుంటుంది. అయితే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో కర్ర కొట్టుకోవడాన్ని కట్టడి చేయడంతో, తరతరాలుగా అడవి మీద బతికిన గిరిజనులకే వెదురు, కలప నిషిద్ధ వస్తువులయ్యాయి.

అడవి కట్టుబాట్లూ వెట్టీ కలిసి పెంచిన అసంతృప్తికి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో సాగించిన దౌర్జన్యం తోడై, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో తిరుగుబాటు మొదలైంది. దానిని అణచడానికి మలబారు ప్రత్యేక పోలీసులు, ఆపై 1924లో అస్సాం రైఫిల్స్ దళాలు మన్యంలో విడిది చేశాయి. ఇలాంటి విడుదుల్లో వాన కాలం మేకుకు కఠిన పరీక్ష పెట్టేది: తడిసిన నార తాళ్లు కుంచించుకుపోయి మేకును పైకి లాగుతాయి, అదే సమయంలో ఎర్రమట్టి మెత్తబడి పట్టు వదులుతుంది. మేకును తాడు లాగే దిశకు ఎదురుగా వంచి లోతుగా దిగగొట్టడం, వాన పడగానే తాళ్లు కొంత సడలించడం దీనికి విరుగుడు. 1924 మే 7న మంప వద్ద పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ విడిది వద్ద కాల్చి చంపారు.

ఇరవయ్యో శతాబ్దంలో తేలికదనానికి కొత్త సమాధానంగా అల్యూమినియం వచ్చింది. ఇనుము బరువులో సుమారు మూడో వంతు మాత్రమే తూగే ఈ లోహానికి జింకు ప్రధానంగా, మెగ్నీషియం, రాగి కొంతగా కలిపితే 7075 అనే దృఢమైన మిశ్రమం తయారవుతుంది. మూడు రెక్కలు ఉన్న మేకును దీనితో చేస్తే మట్టిని ఎక్కువ వైశాల్యంలో పట్టుకుంటుంది కనుక మెత్తని నేలకు అనువు. రాతి నేలలో మాత్రం రాళ్ల సందుల్లోకి దూరే సన్నని, వంగని కడ్డీ మేకు మేలు. టైటానియం సన్నగా ఉన్నా బలం చూపుతుంది కానీ ధర ఎక్కువ.

అల్యూమినియానికి ముడి ఖనిజమైన బాక్సైట్ నిక్షేపాలు చింతపల్లి సమీపంలోని జెర్రెల, అరకు సమీపంలోని గాలికొండ ప్రాంతాల్లో ఉన్నాయి. గిరిజన ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వ సంస్థ ద్వారా తవ్వకాలకు చేసిన ప్రయత్నాలను గిరిజనులు ఏళ్ల తరబడి ప్రతిఘటించగా, 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ లీజులను రద్దు చేసింది. కాబట్టి తేలికైన మేకును ఎంచుకునేటప్పుడు మోసేవాడి శ్రమనే కాక, ఆ లోహం ఏ కొండను తవ్వితే వచ్చిందన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవడం న్యాయం.