పిల్లిమొగ్గ అనే మాట వెనక

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివిన పుణ్యమో పాపమో, ఒక మాట చెవిన పడితే దాన్ని తవ్వకుండా ఉండలేను. ఈ నెల నన్ను పట్టుకున్న మాట పిల్లిమొగ్గ. ఏ నాయకుడో పార్టీ మారిస్తే పేపర్లో "పిల్లిమొగ్గలు వేశాడు" అని రాస్తారు. కుప్పిగంతులంటే తిట్టే, "హనుమంతుడి ముందు కుప్పిగంతులా" అంటాం. ఇక ఆడపిల్ల కాస్త ఎగిరి గెంతిందంటే "ఏమిటా దొమ్మరి ఆటలు" అనేస్తాం. ఒళ్ళు గాల్లో తిప్పి మళ్ళీ కాళ్ళ మీద నిలబడటం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. అంత కష్టమైన విద్యకి మన నోట్లో ఉన్న మాటలన్నీ వెక్కిరింపులే.

ఇదంతా మా ఆడపడుచు కూతురి వల్ల మొదలైంది. వాళ్ళు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. పిల్ల ఎనిమిదో తరగతి, చీర్‌లీడింగ్ పోటీల టీములో ఉంది. పంపిన వీడియో చూసి మా అత్తయ్య "ఏందే ఈ దొమ్మరాటలు, ఆడపిల్లకు?" అన్నారు. అవతల ఆడపడుచు ముఖం చిన్నబోయింది. పిల్లకి మాట అర్థం కాలేదు కానీ గొంతు అర్థమైంది.

చీర్‌లీడర్లంటే మనకి తెలిసింది ఐపీఎల్. 2008లో డెక్కన్ ఛార్జర్స్ జట్టు వచ్చాక, మన దిల్‌సుఖ్‌నగర్‌కి కూతవేటు దూరంలో ఉప్పల్ స్టేడియంలో ఫోరు కొట్టినప్పుడల్లా డాన్సు చేసే అమ్మాయిలు. పోటీల చీర్‌లీడింగ్ వేరు. రెండున్నర నిమిషాల్లో టీమంతా కలిసి ఒకరినొకరు ఎత్తుకోవాలి, ఎగరాలి, నేల మీద వరసగా పల్టీలు కొట్టాలి. ఆ పల్టీల భాగాన్నే టంబ్లింగ్ అంటారు. దీని పుట్టుక చదివితే నవ్వొచ్చింది. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటలో జానీ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు జనం ముందుకొచ్చి కేకలు వేయించాడు, అదీ ఆరంభం. పాతికేళ్ళపాటు అది మగపిల్లల గౌరవం. అదే యూనివర్సిటీ 1923లో ఆడపిల్లల్ని రానిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఖాళీని ఆడవాళ్ళు నింపారు. ఇప్పుడేమో అది ఆడవాళ్ళ పని అని తక్కువ చేస్తారు. వంటలో, కుట్టుపనిలో మనం చూడని కథేం కాదులెండి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ క్రీడకి పూర్తి గుర్తింపు ఇచ్చింది 2021లోనే.

అక్కడ అలా ఉంటే మన దగ్గర ఈ విద్య మొదటినుంచీ ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర రాశాడు కదా. అందులో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని, వాళ్ళ ఆటపాటల్ని వర్ణిస్తూ పొడవాటి గడల మీద ఆడే వాళ్ళ దగ్గర ఆగుతాడు. దేవతా స్త్రీలు ఆకాశంలో ఆడుతున్నట్టుందంటాడు. డిగ్రీలో ఈ ఘట్టం పరీక్ష కోసం చదివాను, ద్విపద లక్షణం తప్ప ఇంకేం బుర్రకెక్కలేదు. ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. భక్తుడైన కవికి ఆ ఆడవాళ్ళు దేవకన్యల్లా కనిపించారు. వాళ్ళ ఆటని శివుడి ముందు పెట్టదగ్గదిగా చూశాడు.

ఆరొందల ఏళ్ళు దాటాక, 1909లో, ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి దక్షిణ భారతదేశపు కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో దొమ్మరుల గురించి ఉంది. పిల్లిమొగ్గలు వేసేవాళ్ళు, కసరత్తు చేసేవాళ్ళు అని చెబుతూనే ఆడవాళ్ళ నడవడి మీద తీర్పులు కలిపాడు. ఊరూరా తిరిగే కులాలంటేనే దొంగలని అనుమానించిన కాలం అది. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికి కూడా వచ్చింది, దేశమంతటా పూర్తిగా పోయింది 1952లోనే. అలా కులం పేరు కాస్తా తిట్టయి కూర్చుంది. ఆ తిట్టు మా అత్తయ్య నోటికి ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని విని మనం ఎందుకు ఉలిక్కిపడమో నాకు ఇక్కడ తెలిసింది.

అత్తయ్యది సూర్యాపేట దగ్గర పల్లె. ఎల్బీనగర్‌లో సగం మంది విజయవాడ హైవే పట్టుకుని అటునుంచి వచ్చినవాళ్ళమే కదా. కోపం తగ్గాక నిదానంగా అడిగితే చిన్నప్పుడు చూసిన ఆట చెప్పారు. తండ్రి డోలు కొడుతుంటే ఎనిమిదేళ్ళ పిల్ల మట్టి నేల మీద వెనక్కి మొగ్గలు వేసేదట. కింద చాప కూడా లేదు. కొత్త మొగ్గ వేసేటప్పుడు మాత్రం డోలు ఆగిపోయేది, తండ్రి వచ్చి పిల్ల నడుం కింద చెయ్యి పెట్టేవాడు. ఆ చెయ్యి సంగతి గుర్తుంచుకోండి.

మన నగరంలో ఈ విద్యకి మళ్ళీ గౌరవం తెచ్చిన చోటు ఎల్బీ స్టేడియం. మన నగర్‌కీ ఆ స్టేడియానికీ ఒకే శాస్త్రిగారి పేరు. ఒకప్పటి ఫతే మైదాన్‌కి 1967లో లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఇప్పుడైతే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ దగ్గర దిగొచ్చు. బుడ్డా అరుణా రెడ్డి 2002లో అక్కడ చేరినప్పుడు మెట్రో ఊహలో కూడా లేదు. అంతకుముందు ఆ పిల్ల కరాటే నేర్చుకునేది. ఒళ్ళు విల్లులా వంగుతోందని గమనించి తండ్రి నారాయణ రెడ్డి జిమ్నాస్టిక్స్‌లో వేశారు. ఆయన 2010లో పోయారు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో ఆమెకి 13.649 పాయింట్లు, కాంస్యం. వెండి పతకం 0.05లో తప్పింది. ప్రపంచ కప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయురాలు మన హైదరాబాద్ పిల్ల. పతకాన్ని తండ్రికి అంకితమిచ్చింది. తర్వాత మోకాలికి ఆపరేషన్ అయింది. అయినా తిరిగొచ్చి 2021లో కైరోలో రెండు బంగారు పతకాలు తెచ్చుకుంది. అందులో ఒకటి నేల మీద చేసే ఫ్లోర్ విభాగంలో, అంటే అచ్చంగా మన పిల్లిమొగ్గల విద్యలో. ఆ వార్త వచ్చిన రోజు మన కాలనీల్లో ఎవరూ "దొమ్మరి ఆటలు" అనలేదు.

మళ్ళీ ఫ్రిస్కో పిల్ల దగ్గరికి వస్తాను. దానికి నాలుగు నెలలుగా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ రావడం లేదు. నిలబడి వెనక్కి దూకి, చేతుల మీద పడి, కాళ్ళ మీద లేవడమే అది. ఒకసారి పడ్డాక భయం పట్టుకుంది. నేననుకున్నాను, ఇంకా గట్టిగా ప్రయత్నించమంటారేమోనని. కోచ్ చేసింది వేరు. ఆ పిల్లిమొగ్గే ఆపేసి, గోడకి ఆనించి చేతుల మీద నిలబడటం దగ్గరికి వెనక్కి తీసుకెళ్ళింది. వెల్లకిలా పడుకుని తల, కాళ్ళు కాస్త లేపి ఒళ్ళు దొన్నెలా చేసి ఊపిరి బిగపట్టకుండా ఉండమంటుందట, రోజూ. ఆ ఆకారం రాకపోతే ఏ పల్టీ రాదట. భయపడ్డ పిల్ల చేసే తప్పు పైకి ఎగరడం, తల వెనక్కి విసరడం. అప్పుడు మోచేతులు మడతపడి తల నేలకి తగులుతుంది. నిజానికి కుర్చీలో కూర్చోబోతున్నట్టు వెనక్కి వాలి, చేతులు చెవులకి ఆనించి, వెనక్కే తోసుకోవాలి. ముందు వాలుగా ఉన్న పరుపు మీద, ఆ తర్వాత చదును నేల మీద. మొన్నటి వీడియోలో కోచ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక చెయ్యి పిల్ల నడుం కింద, ఇంకోటి తొడ వెనక పెట్టింది. అత్తయ్య ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "మా ఊర్ల అట్లనే పట్టేటోడు" అన్నారు.

ఈ సంగతులు చెప్పాక మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తల్లులు వాళ్ళ పిల్లల్ని కూడా చేర్పిస్తామంటున్నారు. కోచింగ్ అంటే సాఫ్ట్‌వేర్, ఎంసెట్ తప్ప ఇంకోటి తెలియని దిల్‌సుఖ్‌నగర్‌లో ఇది చిన్న విషయం కాదు. క్లాసుకి వెళ్ళినప్పుడు ఫీజు కంటే ముందు నేల చూడండి. పోటీల్లో పరిచే నేల కింద స్ప్రింగులుంటాయి, ఇక్కడ కనీసం మందమైన పరుపులైనా ఉండాలి. మొదటి వారమే పిల్ల చేత వెనక్కి పల్టీ కొట్టిస్తే వెంటనే ఇంటికి తీసుకొచ్చేయండి. యూట్యూబ్ చూసి టెర్రస్ మీద సిమెంటు నేల మీద వేయించొద్దు, మణికట్లు, మెడ పోతాయి. కొత్తది నేర్పేటప్పుడు నడుం కింద ఎవరి చెయ్యి ఉంటుందో అడగండి.