పాత పికప్ వాహనాల పునరుద్ధరణ

పాత పికప్ వాహనాల పునరుద్ధరణ అనగా చాలాకాలం వాడకం వలన గాని, వాడకుండా ఆరుబయట నిలిపివేయడం వలన గాని తుప్పుపట్టిన చిన్న సరుకు రవాణా వాహనాన్ని విడదీసి, తుప్పు తొలగించి, అరిగిన భాగాలను మార్చి, తిరిగి రోడ్డుపై నడిచే స్థితికి తీసుకురావడం. ఈ పనిని పూర్తిగా మెకానిక్ షెడ్డులో చేయించడం ఖర్చుతో కూడినది. అందువలన శ్రమ ఎక్కువగాను, నైపుణ్యం తక్కువగాను అవసరమయ్యే పనులను యజమానులు ఇంటివద్ద చేసుకొని, వెల్డింగు, డీజిల్ పంపు వంటి పనులను మాత్రమే నిపుణులకు అప్పగించడం తెలుగు ప్రాంతాలలో సాధారణ పద్ధతి. నల్గొండ జిల్లాలోని నకిరేకల్ వంటి పట్టణాలకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉన్నది. హైదరాబాదు, విజయవాడ నగరాలలోని రెండు ఆటోనగర్‌లను కలిపే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) మార్గంలోనే ఈ పట్టణం ఉన్నది.

నేపథ్యము

కర్మాగారంలోనే తయారైన పికప్ బాడీతో కూడిన వాహనాన్ని ఫోర్డ్ సంస్థ 1925లో మోడల్ టీ ఆధారంగా అమెరికాలో విడుదల చేసింది. భారతదేశంలో 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం ప్రారంభించింది. ఆ జీపుల ఛాసిస్ ఆధారంగా తరువాతి కాలంలో అనేక రకాల సరుకు వాహనాలు వచ్చాయి. టాటా సంస్థ 1988లో టాటా మొబైల్ పికప్‌ను ప్రవేశపెట్టింది. తెలంగాణలో ప్రభుత్వరంగ సంస్థయైన హైదరాబాద్ ఆల్విన్ 1980వ దశకంలో జపాను నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో (నాడు మెదక్ జిల్లా, 2016 నుండి సంగారెడ్డి జిల్లా) తేలికపాటి సరుకు వాహనాలను తయారుచేసింది. ఆ వాహన విభాగం తరువాత మహీంద్రా పరమైనది.

నల్గొండ జిల్లా బత్తాయి, నిమ్మ తోటలకు ప్రసిద్ధి. నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్ ఉన్నది. తోటల నుండి మార్కెట్టుకు కాయలు, పట్టణం నుండి పల్లెలకు ఎరువులు, దాణా చేరవేయడానికి జీపులు, పికప్‌లు విరివిగా వాడబడ్డాయి. 2005లో టాటా ఏస్ రాకతో చిన్న సరుకు రవాణా చాలావరకు దానివైపు మళ్ళింది. ఆ విధంగా పక్కకు తప్పుకున్న పాత వాహనాలు కొన్ని పశువుల కొట్టాల పక్కన, చెట్ల కింద మిగిలిపోయాయి. పునరుద్ధరణకు వచ్చేవి ఎక్కువగా ఇటువంటివే.

తుప్పు పట్టే విధానము

ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి ఆర్ద్ర ఐరన్ ఆక్సైడుగా మారడాన్నే తుప్పు అంటారు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ పరిమాణాన్ని ఆక్రమిస్తుంది. పొరలు పొరలుగా లేచి రంగును పైకి తోస్తుంది. పైకి చిన్న బుడగవలె కనిపించే చోట లోపల రేకు చాలావరకు తినివేయబడి ఉండవచ్చును.

నల్గొండ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 750 మి.మీ. మాత్రమే. ఉప్పుగాలి లేదు. కావున సముద్రతీర జిల్లాల వాహనాలతో పోల్చినపుడు ఇక్కడి వాహనాల ఛాసిస్‌లు సాధారణంగా మెరుగైన స్థితిలో ఉంటాయి. అయితే ఎరువులు మోసిన వాహనాలు ఇందుకు మినహాయింపు. యూరియా, పొటాష్ వంటి ఎరువుల పొడి తేమను పీల్చుకొని తొట్టె మూలలలో నిలుస్తుంది. ఆ ఉప్పునీరు రేకును త్వరగా తింటుంది. పేడ, తడి మట్టి పేరుకున్న చక్రాల తొట్లు కూడా ఇదే విధంగా దెబ్బతింటాయి.

కొనుగోలుకు ముందు పరిశీలన

తక్కువ ధరకు వచ్చిన వాహనం చివరకు చౌకగా పడుతుందా లేదా అన్నది ఇంజనుకంటే ఛాసిస్ మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఇంజనును మార్చవచ్చును గాని, కుళ్ళిన ఛాసిస్‌తో వాహనం నడపడం ప్రాణాపాయం. పరిశీలించవలసిన ముఖ్య స్థానాలు:

* కమాన్ కట్టలు ఛాసిస్‌కు బిగింపబడే బ్రాకెట్లు
* స్టీరింగు బాక్సు బిగించిన చోటు
* క్యాబిన్, తొట్టె ఛాసిస్‌పై కూర్చొనే రబ్బరు దిమ్మల చుట్టుపక్కలు
* కాలిపట్టాల కింది క్యాబిన్ అడుగు రేకు, తలుపుల కింది అంచులు
* బ్రేకు నూనె వెళ్ళే ఇనుప గొట్టాలు

సుత్తితో మెల్లగా తట్టినపుడు మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పుతిన్నది బొంగురుగా పలుకుతుంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కినపుడు లోపలికి దిగితే ఆ భాగం పనికిరాదని గ్రహించాలి. కొత్తగా నల్లరంగు పూసిన ఛాసిస్‌ను మరింత జాగ్రత్తగా చూడాలి. పుట్టీతో మూసిన రంధ్రాలకు అయస్కాంతం అంటుకోదు.

చట్టపరమైన అంశాలు

వాహనం ఎంత బాగుపడినా పత్రాలు లేనిదే రోడ్డెక్కదు. కావున పని ప్రారంభించుటకు ముందే రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.), పన్ను బకాయిలు, ఫైనాన్సు బాకీ, చలానాలు సరిచూసుకోవాలి. నల్గొండ జిల్లా పాత వాహనాలు ఏపీ 24 వరుసలో రిజిస్టరయ్యాయి. 2014లో రాష్ట్ర విభజన తరువాత టీఎస్ 05, 2024 మార్చి నుండి టీజీ 05 వరుసలు వచ్చాయి.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాడకపు వాహనం రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. తనిఖీ అనంతరం 5 సంవత్సరాల చొప్పున పొడిగిస్తారు. కారు తరగతి వాహనాలకు ఈ రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగింది. 20 సంవత్సరాలు దాటిన తేలికపాటి వాహనాలకు 2025లో 10,000 రూపాయలు చేశారు. దీనికి హరిత పన్ను అదనం. సరుకు రవాణా వాహనంగా నమోదైన పికప్‌కు పద్ధతి వేరు. 8 సంవత్సరాలు దాటిన తరువాత దానికి ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. అది లేని వాహనం చెల్లుబాటగు రిజిస్ట్రేషన్ లేనిదానితో సమానం.

చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. తొట్టె పొడవు పెంచడం, ఛాసిస్ కోయడం వంటివి ఈ నిషేధం కిందికి వస్తాయి. రంగు మార్చినచో ఆ వివరాన్ని ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. 50 సంవత్సరాలు దాటి, మార్పులు లేకుండా ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయడానికి 2021 జూలైలో కేంద్రం నియమాలు తెచ్చింది. వీటికి నంబరులో వీఏ అక్షరాలు ఇస్తారు. అయితే వీటిని వ్యాపారానికి గాని, రోజువారీ రాకపోకలకు గాని వాడరాదు.

తుప్పు తీసేటపుడు ఛాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండరు వాడరాదు. ఆ అంకెలు చెరిగిపోతే తనిఖీలో వాహనం తిరస్కరణకు గురికావడమే కాక, దొంగ వాహనమన్న అనుమానానికి దారితీస్తుంది. ఆ భాగాన్ని కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి గ్రీజు పూయడం మంచిది.

పని క్రమము

విడదీయుట: మొదట బ్యాటరీ వైర్లు తీసివేయాలి. బిగుసుకుపోయిన నట్లకు ముందురోజే డీజిల్ లేదా తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి. బలవంతంగా పానా తిప్పితే బోల్టు తెగుతుంది. తీసిన బోల్టులను భాగాలవారీగా డబ్బాలలో వేసి పేర్లు రాసుకోవడం, ప్రతి దశలో ఫోటోలు తీసుకోవడం బిగింపు సమయంలో ఎంతో సహాయపడుతుంది.

తుప్పు తొలగింపు: పెద్ద రేకులకు వైరు బ్రష్షు, గ్రైండరు, 80 నుండి 220 నంబరు వరకు గరుకు కాగితం వాడతారు. చిన్న భాగాలకు రెండు చవక పద్ధతులు ఉన్నాయి. ఒకటి, ఒక పాలు బెల్లపు మడ్డిని తొమ్మిది పాళ్ళ నీటిలో కలిపి వారం నుండి రెండు వారాలు నానబెట్టడం. అల్యూమినియం భాగాలను ఇందులో వేయరాదు. రెండవది విద్యుద్విశ్లేషణ. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణ తీగను తుప్పు భాగానికి, ధన తీగను పాత ఇనుప ముక్కకు తగిలిస్తారు. ఇనుప ముక్కకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దాని నుండి విషపూరితమైన క్రోమియం లవణాలు వెలువడతాయి. ఈ క్రియలో ఉదజని వాయువు పుడుతుంది గనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. శుభ్రమైన ఇనుము గంటలలోనే మళ్ళీ తుప్పుపడుతుంది. కావున ఆరబెట్టిన వెంటనే ప్రైమరు పూయాలి. మూలలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూస్తే అది స్థిరమైన ఐరన్ ఫాస్ఫేటు పొరగా మారుతుంది.

రేకు పని: రంధ్రాలు పడిన చోట పుట్టీ నింపడం కంటితుడుపు మాత్రమే. మంచి ఇనుము కనిపించేవరకు కోసి, అదే మందపు రేకును అతకాలి. పలుచని రేకుకు సాధారణ ఆర్క్ వెల్డింగు రంధ్రాలు చేస్తుంది. గ్యాసు వెల్డింగు లేదా సీఓటూ వెల్డింగు తగినది. ఛాసిస్ వెల్డింగును అనుభవజ్ఞులచేతనే చేయించాలి. డీజిల్ ట్యాంకును విప్పి దూరంగా పెట్టకుండా దాని దగ్గర వెల్డింగు చేయరాదు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా పేలగలదు.

బ్రేకులు: ఇంజనుకంటే ముందు బ్రేకులు సరిచేయాలి. ఇంజను స్టార్టయిన ఉత్సాహంలో బ్రేకులు లేని వాహనాన్ని కదిలించడం ఈ పనిలో జరిగే ప్రమాదాలకు ఒక ప్రధాన కారణం. మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్ల రబ్బరు వాషర్లు, గొట్టాలు, నూనె మొత్తంగా మార్చడం మేలు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తీయాలి.

ఇంజను: చాలాకాలం ఆగిన డీజిల్ ఇంజనును వెంటనే సెల్ఫు కొట్టరాదు. నాజిళ్ళు విప్పి సిలిండర్లలో కొద్దిగా నూనె వేసి, చేతితో తిప్పి చూడాలి. పాత డీజిల్ తీసివేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, ఎయిర్ లాక్ తీయాలి. రేడియేటరులో బోరు నీరు పోయడం ఈ ప్రాంతంలో సాధారణం. గట్టి నీటి వలన లోపల గార పేరుకొని ఇంజను వేడెక్కుతుంది. గార తీయించి కూలెంటు పోయాలి.

వైరింగు, టైర్లు: ఎలుకలు కొరికిన వైర్లను అతుకులు వేయడంకంటే మొత్తం వైరింగును మార్చడం సురక్షితం. టైరు పక్కభాగంలోని నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. గుండీలు అరగకున్నా పగుళ్ళు పడిన టైరు పనికిరాదు. ముందు చక్రాలకు రీట్రెడ్ టైర్లు వాడకపోవడం మంచిది.

రంగు: వర్షాకాలపు తేమలో రంగు తెల్లబారుతుంది. ఎండాకాలంలో సమంగా పరుచుకోకముందే ఆరుతుంది. దసరా తరువాత, శివరాత్రి లోపు కాలం అనుకూలం. ఛాసిస్‌కు, తొట్టెకు రెడ్ ఆక్సైడ్ లేదా ఎపాక్సీ ప్రైమరుపై ఎనామిల్ రంగును బ్రష్షుతో వేయవచ్చును. గట్టిపరచే ద్రావణం కలిపే రకపు రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. వాటిని ఇంటివద్ద కాక షెడ్డులోనే కొట్టించాలి.

ఖర్చు తగ్గించు మార్గాలు

* తలుపులు, బానెట్, గేరుబాక్సు వంటి భాగాలను ఆటోనగర్‌లలోను, విడిభాగాల దుకాణాలకు పేరుపొందిన హైదరాబాదు పుత్లీబౌలిలోను వెదకడం
* ఎక్కువగా అమ్ముడైన నమూనానే ఎంచుకోవడం. అరుదైన వాహనం ధర తక్కువైనా విడిభాగాలు దొరకక పని ఆగిపోతుంది
* విప్పడం, తుప్పు తీయడం, కడగడం, ప్రైమరు పూయడం సొంతంగా చేసి, వెల్డింగు చోట్లన్నీ గుర్తుపెట్టి ఒకేసారి చేయించడం
* బ్రేకులు, స్టీరింగు, టైర్ల విషయంలో మాత్రం పాత సామాను వాడకపోవడం

జాగ్రత్తలు

జాకీపై నిలిపిన వాహనం కిందికి దూరరాదు. ఇటుకలు, బండరాళ్ళు బరువుకు పగిలిపోతాయి గనుక ఇనుప స్టాండ్లు లేదా మందమైన కర్ర దిమ్మెలు వాడాలి. గ్రైండరు పట్టేటపుడు కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

పరిమితులు

ఛాసిస్ దెబ్బతిన్నపుడు, పత్రాలు లేనపుడు, లేదా విడిభాగాలు దొరకనపుడు పునరుద్ధరణకంటే తుక్కుకు ఇవ్వడమే లాభదాయకం. 2021లో వచ్చిన నియమాల ప్రకారం గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి వాహనాన్ని అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దీనిద్వారా కొత్త వాహనం కొనుగోలులో రాయితీలు పొందవచ్చును. సాధారణ తుక్కు దుకాణానికి అమ్మి రిజిస్ట్రేషన్ రద్దు చేయించకపోతే, ఆ నంబరుతో జరిగే నేరాలకు, పడే పన్నులకు పాత యజమాని సమాధానం చెప్పుకోవలసి రావచ్చును.

ఇవి కూడా చూడండి

* నకిరేకల్
* జీపు
* తుప్పు
* ఆటోనగర్, విజయవాడ
* 65వ నంబరు జాతీయ రహదారి