బొంత కుట్టిన చేతులు: సూది, కత్తెర, అద్దం ముక్కల చరిత్ర

పల్నాడు అనగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది కత్తులే. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం, కారంపూడి వీరుల గుడి, కార్తీక మాసంలో జరిగే వీరారాధన, అక్కడ పూజలందుకునే వీరుల ఆయుధాలు అందరికీ తెలుసు. వాటి మీద పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. కానీ ఇదే పల్నాడులో ఏ చరిత్రలోకీ ఎక్కని పదునైన పనిముట్లు ఇంటింటా ఉన్నాయి. సూది, దబ్బనం, కత్తెర, బ్లేడు, అద్దం ముక్క. వాటితో మన అవ్వలు, అమ్మలు బొంతలు కుట్టారు, పేటియాలు కుట్టారు, సంచులు కుట్టారు. ఆ కుట్టును అందరూ మెచ్చుకుంటారు. ఆ చేతులు ఎలా తెగాయో, తెగకుండా ఎలా కాపాడుకున్నారో మాత్రం ఎవరూ రాయలేదు. ఈ సంచికలో ఆ సంగతి మన పిల్లలకు చెప్పాలని మేము అనుకున్నాం.

ఎడ్ల వెంట నడిచిన కుట్టు

సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని రకరకాల పేర్లతో పిలిచే మన పెద్దలు రైళ్లు రాకముందు ఈ దేశానికి సరుకు రవాణా చేసినవాళ్లు. వందలు, వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, తీరం నుంచి దక్కన్ లోపలికి, అక్కడి నుంచి మళ్లీ ఇవతలికి తిరిగేవారు. మొగలుల సైన్యాలకు ధాన్యం చేర్చారు. తర్వాత మైసూరు, మరాఠా యుద్ధాల్లో ఆంగ్లేయుల సైన్యానికీ వాళ్లే చేర్చారు.

ఎడ్ల మీద బండి ఉండదు, సంచే ఉంటుంది. సంచి చిరిగితే దారిలో ధాన్యం పోతుంది, ఉప్పు పోతుంది. కాబట్టి గట్టిగా కుట్టడం అనేది అందం కోసం మొదలైన పని కాదు, బతుకు కోసం మొదలైన పని. మందపాటి గుడ్డను పొరలు పొరలుగా పరిచి, దబ్బనంతో గుచ్చి, దారం లాగి బిగించాలి. విడిది చేసిన చోట చెట్టు కింద కూర్చుని ఆడవాళ్లు చేసిన పని అది. ఆ చేతులకే తర్వాత రంగుదారాలు, గవ్వలు, అద్దాలు అలవాటయ్యాయి.

1853లో బొంబాయి దగ్గర రైలు మొదలైంది. 1889కి నిజాం రాజ్యం నుంచి బెజవాడ దాకా రైలు వచ్చింది. సరుకు రైలెక్కింది, ఎడ్ల బిడారు ఆగిపోయింది. అంతకుముందే 1871లో ఆంగ్లేయ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల మీద అనుమానపు ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. తిరిగే దారి మూసుకుపోయినప్పుడు మనవాళ్లు తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. ఈ రోజు మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు కనిపించే తండాల వెనక ఇంత కథ ఉంది.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించినప్పుడు లంబాడీ స్త్రీల దుస్తుల గురించి, నగల గురించి రాశాడు. ఆ దుస్తులు కుట్టిన వేళ్ల కథ కావాలంటే మాత్రం మన ఇళ్లలోని ముసలమ్మలనే అడగాలి.

బొంత ఎందుకు మిగిలింది

ఎడ్లు పోయినా కుట్టు పోలేదు. సంచి స్థానంలో బొంత నిలిచింది. పాత చీరలు, పంచెలు, చిరిగిన లంగాలు పొరలుగా పరిచి, చుట్టూ కుట్టి, తర్వాత లోపల వరస వరసగా కుట్టుకుంటూ వస్తే బొంత అవుతుంది. డబ్బు పెట్టి దుప్పటి కొనలేని ఇంట్లో చలికాలం గడిపించింది బొంతే. పసిబిడ్డ కింద పరిచింది, బాలింతకు కప్పింది బొంతే.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పల్నాడు రూపం మారింది. నీళ్లందిన పొలాల్లో వరి, మిరప, పత్తి పెరిగాయి. నీళ్లు అందని ఊళ్ల నుంచి, తండాల నుంచి మనవాళ్లు ఆ పొలాల్లో కూలికి వెళ్లారు. మిరప కోతలో, పత్తి తీతలో వేళ్లే పెట్టుబడి. వేలు తెగిన మనిషి మిరపకాయ ముట్టుకోలేదు. ఆ మంట ఎలా ఉంటుందో పల్నాడు పిల్లలకు చెప్పనక్కరలేదు. వేలు మానేదాకా కూలి పోతుంది. అందుకే కుట్టేటప్పుడు చెయ్యి కాపాడుకోవడం సుకుమారం కాదు, కూడు కాపాడుకోవడం.

ఇది ఒక్క సుగాలీల మాటే కాదు. వెదురు చీల్చి, ఈత బరిగెలు చీల్చి బుట్టలల్లే ఎరుకల ఇళ్లలోనూ ఇంతే. కర్ణాటకలోని సిద్ది తెగ ఆడవాళ్లు పాత బట్టల ముక్కలతో కుట్టే కవంది కూడా మన బొంత లాంటిదే. సముద్రాలకు అవతల అమెరికాలో, అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో ఒకప్పటి బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు పొలం పనిలో చిరిగిన బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. ఆ ప్రాంతపు ఆడవాళ్లు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ పేరుతో సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో గీస్ బెండ్ బొంతలు న్యూయార్క్‌లో పెద్ద మ్యూజియం గోడలెక్కాయి. కూలి చేసే చేతులే అక్కడా ఇక్కడా కళను నిలబెట్టాయి.

పెద్దవాళ్ల ఆంక్షల్లో దాగిన జాగ్రత్త

మన ఇళ్లలో కొన్ని మాటలు తరాలుగా వినిపిస్తాయి. దీపాలు పెట్టాక సూది ఎవరికీ ఇవ్వకూడదు. కత్తెర చేతికి ఇవ్వకూడదు, కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవాలి. ఉత్తి కత్తెర ఆడిస్తే ఇంట్లో గొడవలొస్తాయి. ఇలాంటివి తెలుగు నేలంతా ఉన్నాయి, మన తండాల్లోనూ ఉన్నాయి.

చదువుకున్న పిల్లలు వీటిని మూఢనమ్మకాలని నవ్వేస్తారు. గొడవలొస్తాయనే భయాన్ని మేమూ నమ్మం. కానీ ఆ మాటల వల్ల జరిగే పని ఏమిటో చూడండి. కరెంటు లేని ఇంట్లో చీకటి పడ్డాక సూది చేతులు మారితే కింద పడుతుంది, పాకే బిడ్డ మోకాలికి గుచ్చుకుంటుంది. కత్తెర చేతి నుంచి చేతికి వెళ్లేటప్పుడు మొన ఎవరో ఒకరి వైపు ఉంటుంది. ఉత్తి కత్తెర ఆడించే పిల్లవాడి వేళ్ల మధ్య ఏదో ఒకటి తెగుతుంది. చెప్పిన కారణం ఏదైనా, దక్కిన ఫలితం మాత్రం చేతి క్షేమం.

అవ్వ దగ్గర కూర్చుని కుట్టు నేర్చుకున్న పిల్లకు కుట్టు, జాగ్రత్త రెండూ కలిసే వచ్చాయి. దబ్బనాన్ని నెట్టేటప్పుడు అరచేతికి గుడ్డ చుట్టుకోవడం, పని ఆపగానే సూదిని దారపు ఉండకు గుచ్చడం, లేచేముందు సూదులు లెక్కపెట్టడం ఎవరూ పాఠంగా చెప్పలేదు, చూసి నేర్చుకున్నారు. దర్జీలు వేలికి తొడుక్కునే లోహపు తొడుగు, అదే అంగుస్తానా, చేసే పనీ అదే. పారసీలో అంగుశ్త్ అంటే వేలు.

పనిముట్లు మారాయి

ఇప్పుడు మన పిల్లలు హాస్టళ్లలో ఉంటున్నారు. అవ్వ తండాలో ఉంది. కుట్టు మాత్రం సెల్‌ఫోన్ వీడియోల్లో నేర్చుకుంటున్నారు. వీడియోలో కుట్టు కనిపిస్తుంది, అవ్వ కేక వినిపించదు. పైగా పనిముట్లు కూడా మారాయి.

మొదటిది గడ్డం గీసుకునే బ్లేడు. రూపాయల్లో దొరుకుతుంది కాబట్టి కత్తెర లేని చోట దారం తెంపడానికి, కుట్టు విప్పడానికి దాన్నే వాడతారు. రెండు వైపులా పదునున్న వస్తువును రెండు వేళ్లతో పట్టుకుని, బిగువుగా ఉన్న కుట్టు మీద నొక్కుతారు. కుట్టు తెగిన క్షణంలో చెయ్యి ముందుకు జారుతుంది. అవతల ఉండేది రెండో చేతి వేలే.

మాకు తెలిసిన ఒక పదో తరగతి అమ్మాయికి సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర ఇలాగే ఎడమ చూపుడు వేలు లోతుగా తెగింది. కాఫీపొడి అద్ది కట్టు కట్టారు. సెలవులయ్యాక వచ్చేసరికి వేలు వాచి ఉంది, వంగడం లేదు. లోపల వేలిని వంచే నరం లాంటి తాడు తెగిందని డాక్టరు చెప్పారు. వెంటనే వస్తే కుట్టి కలపడం తేలికయ్యేది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ వేలు మాత్రం నేటికీ పూర్తిగా వంగదు.

రెండోది గుండ్రటి బ్లేడు కట్టర్. పిజ్జా కోసే చక్రం లాగా గుడ్డ మీద దొర్లిస్తే నాలుగైదు పొరలు ఒకేసారి తెగుతాయి. దీన్ని 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ తెచ్చింది. అంతకుముందు 1956లో ఆ సంస్థ స్థాపకుడు యోషియో ఒకాడా విరిచి వాడుకునే బ్లేడు తయారు చేశాడు. పాత రోజుల్లో పనివాళ్లు గాజుముక్క మొద్దుబారితే విరిచి కొత్త అంచు వాడుకోవడం అతనికి ఆ ఆలోచన ఇచ్చిందని చెబుతారు. ఈ కట్టర్‌ను ప్రపంచమంతా బొంతలు కుట్టేవాళ్లు వాడుతున్నారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో మన ఊళ్లకూ వస్తోంది. మంచి పనిముట్టే, కానీ గుడ్డ నాలుగు పొరలు కోసేది వేలిని వదలదు.

మూడోది అద్దం ముక్క. మన కుట్టులో అద్దానికి రంధ్రం ఉండదు. చుట్టూ దారంతో చట్రం అల్లి బిగిస్తాం. చేత్తో కోసిన ముక్కకు అంచులు గరుకుగా ఉంటాయి. ఆ అంచు వేలిని కోస్తుంది, కొన్నాళ్లకు దారాన్నీ కోస్తుంది. కాబట్టి అంచు నున్నగా ఉండటం చేతికీ మంచిది, కుట్టుకూ మంచిది.

మేము పిల్లలకు నేర్పేవి

ఆదివారాల్లో హాస్టల్లో కుట్టు నేర్చుకునే పిల్లలకు సూది ముట్టకముందే మేము ఈ మాటలు చెబుతాం.

మొద్దు కత్తెర ప్రమాదం తక్కువని అనుకోకండి. మొద్దుది ఎక్కువ నొక్కాలి, నొక్కినది జారుతుంది. సాన పట్టేవాళ్లు వచ్చినప్పుడు పట్టించుకోండి. బొంత పొరలన్నీ ఒకేసారి కోయకండి, రెండేసి పొరలు కోయండి.

కత్తెర, కట్టర్ ఒంటి వైపు రాకూడదు. అవతలి వైపు వెళ్లాలి. ఒడిలో పెట్టుకుని కోయవద్దు, చదునైన బల్ల మీదో చాప మీద పెట్టిన అట్ట మీదో కోయండి. స్కేలు పట్టుకున్న చేతి వేళ్లు అంచు దాటి బయటకు రాకూడదు. గుండ్రటి కట్టర్‌ను ఒక్కో కోతకూ మూసి పెట్టండి, మళ్లీ కోసేటప్పుడే తెరవండి.

దారం తెంపడానికి చిన్న కత్తెర, కుట్టు విప్పడానికి దర్జీలు వాడే చిన్న విప్పుడు పనిముట్టు వాడండి. బ్లేడు వద్దు. సూది నోట్లో పెట్టుకోవద్దు, జాకెట్‌కు గుచ్చుకోవద్దు. విరిగిన సూది, అరిగిన బ్లేడు, పగిలిన అద్దం మూత ఉన్న డబ్బాలో వేయండి. విడిగా చెత్తలో వేస్తే చెత్త ఎత్తే అక్క చెయ్యి తెగుతుంది. అద్దాల అంచులు రాయి మీద నీళ్లు చల్లుతూ రుద్ది, తడిగుడ్డతో తుడిచాకే కుట్టండి.

నిద్రమత్తులో, మసక వెలుతురులో కుట్టవద్దు. రేపు చేస్తే పోయేదేమీ లేదు.

దెబ్బ తగిలితే

తెగిన చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి పట్టుకోవాలి. పది నిమిషాలు వదలకుండా నొక్కాలి, మధ్యలో తీసి చూడకూడదు. చిన్న గాయమైతే రక్తం ఆగాక కుళాయి నీళ్లతో, సబ్బుతో కడిగి శుభ్రమైన కట్టు కట్టాలి. పసుపు, కాఫీపొడి, బూడిద, నశ్యం ఏవీ వేయకూడదు. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా, లోపల సూది ముక్కో గాజు ముక్కో ఉన్నా ఇంట్లో ఉండిపోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు తండాలకూ వస్తుంది.

ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. మన పశువుల పాకల పక్కన కుట్టుకునే చేతులకు అది దగ్గరి ముప్పే. 2015లో మన దేశం పసిబిడ్డల్లో, బాలింతల్లో ధనుర్వాతాన్ని దాదాపు నిర్మూలించిందని గుర్తింపు పొందింది. అంటే టీకా పనిచేస్తుందన్నమాట. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. మీది వేయించుకున్నారో లేదో ఇంట్లో అడగండి. గాయమైనప్పుడు కూడా మళ్లీ అవసరమా అని డాక్టరును అడగండి.

యువతకు ఒక మాట

కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపీలో జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. వాళ్లూ మన కుట్టే కుట్టారు. పల్నాడు తండాల్లోనూ అలాంటి చేతులున్నాయి.

ఈ సెలవుల్లో తండాకు వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. కుట్టు ఒక్కటే అడగకండి. దబ్బనం ఎలా పట్టుకునేదో, వేలికి ఏం చుట్టుకునేదో, ఏ మచ్చ ఎలా పడిందో అడగండి. మగపిల్లలూ అడగండి, ఇది ఆడవాళ్ల పని ఒక్కటే కాదు. ఆమె చెప్పింది ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. మ్యూజియంలో బొంత పెడతారు, సంచి పెడతారు. వాటిని కుట్టిన చెయ్యిని కాపాడిన తెలివి మీరు రాస్తేనే మిగులుతుంది.