ఆళ్లగడ్డ శిల్పకళ: ఆర్డరు పనులు, సంస్థల ఆదరణ

ఆళ్లగడ్డ శిల్పకళ నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ పట్టణం కేంద్రంగా సాగుతున్న రాతి చెక్కడపు కళ. దేవతా విగ్రహాలు, నందులు, ధ్వజస్తంభాలు, ఆలయ స్తంభాలు, ద్వారబంధాలు, నాయకుల విగ్రహాలు ఇక్కడి శిల్పశాలల్లో రూపుదిద్దుకుంటాయి. ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. పెద్ద విగ్రహాన్ని ఎవరూ చెక్కి అంగట్లో నిలవపెట్టరు. అది ఆర్డరు వచ్చాకే మొదలవుతుంది. కాబట్టి పని ఇచ్చేవారు ఎవరు, సొమ్ము ఎప్పుడు చెల్లిస్తారు, గడువు ఎంత అన్న మూడు విషయాల మీదే శిల్పి బతుకు, శిల్పం నాణ్యత రెండూ ఆధారపడి ఉంటాయి.

నేపథ్యం

ఆళ్లగడ్డ నల్లమల కొండలకు పడమరగా, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగం. అహోబిలం, మహానంది, యాగంటి, శ్రీశైలం వంటి క్షేత్రాలన్నీ ఈ సీమలోనివే. శ్రీశైలం ప్రాకారపు గోడల మీది చెక్కడాలు, అహోబిలం మండపాల స్తంభాలు విజయనగర కాలపు శిల్పుల పనితనాన్ని నేటికీ చూపుతున్నాయి.

ఆ కాలంలో శిల్పికి పని ఇచ్చింది రాజులు, మండలాధిపతులు, మఠాలు. నేడు ఆ స్థానంలో దేవాదాయ శాఖ, తిరుమల తిరుపతి దేవస్థానం, మునిసిపాలిటీలు, దాతలు, ఊరి గుడి కమిటీలు ఉన్నాయి. నంద్యాల, వెలుగోడు, ఆత్మకూరు పరిసరాల్లో ఊరూరా ఉండే రామాలయాలకు, ఆంజనేయస్వామి గుళ్లకు, గ్రామదేవతల గుళ్లకు జీర్ణోద్ధరణ జరిగిన ప్రతిసారీ రాతి పని అవసరమవుతుంది. ఒక్కో పని చిన్నదే అయినా, శిల్పశాలల్లో ఉలి చప్పుడు ఆగకుండా ఉండటానికి ఇలాంటి పనులు ఎంతో తోడ్పడతాయి.

ఆర్డరు నుంచి ప్రతిష్ఠ వరకు

పని చేయించేవారు మొదట స్థపతిని (ప్రధాన శిల్పిని) గానీ శిల్పశాల యజమానిని గానీ కలుస్తారు. మూర్తి ఏది, ఆసీనమా (కూర్చున్నదా) స్థానకమా (నిలుచున్నదా), గర్భగుడి కొలత ఎంత, ఆలయం ఏ ఆగమానికి చెందినది అన్నవి తేలాక ధర కుదురుతుంది. బయానా చేతికి అందిన తరువాత రాయిని ఎంచుతారు.

రాయి ఎంపికకు శిల్పశాస్త్రం కచ్చితమైన నియమాలు చెప్పింది. సుత్తితో తట్టినప్పుడు వచ్చే నాదాన్ని బట్టి దానిని పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీస్తారు. పగుళ్లు, చారలు, మచ్చలు ఉన్న రాయిని మూలవిరాట్టుకు వాడరు. మూలమూర్తులకు కృష్ణశిల అని పిలిచే నల్లరాయికే ఆదరణ ఎక్కువ.

తరువాత కొలతలు. మూర్తి ఎత్తును తాళాలు, అంగుళాలు అనే భాగాలుగా విభజిస్తారు. విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళం వాడతారు. అందులో మొత్తం ఎత్తు 124 అంగుళాలు. ఈ అంగుళం మూర్తి ఎత్తును బట్టి మారే ప్రమాణం, బజారు కొలత కాదు. దేవీమూర్తులకు 120 అంగుళాల మధ్యమ దశతాళం, వినాయకుడికి పంచతాళం చెబుతారు. రాతి మీద గీతలు గీసి, పెద్ద సుత్తి, ఉలులతో ముతక రూపం తీసి, సన్న ఉలులతో ముఖం, ఆభరణాలు, ఆయుధాలు తేల్చి, చివరికి నునుపు పెడతారు. ఇప్పుడు ముతక పనికి కోత యంత్రాలు, గ్రైండర్లు వచ్చాయి. ముఖం తీర్చడం మాత్రం నేటికీ అనుభవజ్ఞుడి చేతి పనే.

పూర్తయిన మూర్తిని నీటిలో, ధాన్యంలో, శయ్యపై ఉంచే జలాధివాసం, ధాన్యాధివాసం, శయనాధివాసం జరిపి, కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం చేసి ప్రతిష్ఠిస్తారు. ప్రతిష్ఠ ముహూర్తమే ఆర్డరుకు గడువు. మూఢాల్లో, శూన్యమాసాల్లో ప్రతిష్ఠలు ఉండవు కాబట్టి మంచి ముహూర్తాలున్న నెలల్లో పని ఒక్కసారిగా మీదపడుతుంది. మిగిలిన కాలంలో తగ్గిపోతుంది.

ఆదరించే సంస్థలు

రాష్ట్ర దేవాదాయ శాఖ 1987 నాటి చట్టం కింద సర్వశ్రేయోనిధిని నిర్వహిస్తోంది. ఆదాయం ఉన్న ఆలయాల నుంచి వచ్చే సొమ్ముతో ఆదాయం లేని ఆలయాలకు జీర్ణోద్ధరణ జరిపించడం ఈ నిధి ఉద్దేశాల్లో ఒకటి. తిరుమల తిరుపతి దేవస్థానం 2019లో మొదలుపెట్టిన శ్రీవాణి ట్రస్టు కూడా ఆలయ నిర్మాణాలకు, పునరుద్ధరణకు నిధులిస్తోంది. ఈ ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చిన భక్తునికి బ్రేక్ దర్శనం కల్పిస్తారు. ఇలా సమకూరిన ధనంలో కొంత ఆలయ పనుల ద్వారా శిల్పులకు చేరుతుంది.

పని నేర్పే బాధ్యతనూ దేవస్థానం తీసుకుంది. తిరుపతిలో 1960లో నెలకొన్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో ఆలయ నిర్మాణం, శిలా శిల్పం, సుధా (సున్నపు) శిల్పం, లోహ శిల్పం, దారు శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే పద్ధతికి ఇది తోడయింది. శిల్పుల కుటుంబంలో పుట్టనివారికీ దారి తెరిచింది.

ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ లేపాక్షి విక్రయశాలల ద్వారా కళాకారుల వస్తువులను అమ్ముతుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న విగ్రహాలకు, జ్ఞాపికలకు ఇది తగిన దారి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో శిల్పులను కూడా చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల రూపాయల రుణం ఇందులో ఉన్నాయి.

ప్రభుత్వాలు నేరుగా చేయించిన పనుల్లో పేరొందినది హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లోని బుద్ధ విగ్రహం. ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో రాయగిరి దగ్గర దీన్ని ఒకే రాతి నుంచి చెక్కారు. 1990లో తరలిస్తుండగా విగ్రహం నీట మునిగింది. 1992 డిసెంబరు 1న సాగరం నడుమ నిలిచింది. తెలంగాణలోని యాదాద్రి ఆలయాన్ని కూడా కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. ఆ పని వందల మంది శిల్పులకు ఏళ్ల తరబడి ఉపాధి కల్పించింది.

ఇబ్బందులు

ప్రభుత్వ పనుల్లో టెండరు పద్ధతి శిల్పికి చిక్కు తెచ్చిపెడుతుంది. సిమెంటు పనికీ శిల్పానికీ ఒకే కొలమానం పెట్టి తక్కువ ధర చెప్పినవారికి పని అప్పగిస్తే, గుత్తేదారు ముందుకు వస్తాడు, శిల్పి కూలీగా మిగులుతాడు. బిల్లు ఆలస్యమైతే రాయికి, కూలికి అప్పు చేయాల్సి వస్తుంది. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. యంత్రాలతో దుమ్ము మరింత పెరిగింది. నీళ్లు చల్లుతూ కోయడం, మాస్కు ధరించడం తప్పనిసరి. ఇక శిలాఫలకాల మీద దాతల పేర్లు, అధికారుల పేర్లు ఉంటాయి గానీ చెక్కినవారి పేరు కనబడటం అరుదు.

మంచి ఆర్డరు

కళాకారుడికి అక్కరకొచ్చే ఆర్డరులో రాయికి సరిపడే బయానా, పని దశలవారీగా చెల్లింపు, తొందరపెట్టని గడువు, స్థపతి తనిఖీ, ఫలకం మీద శిల్పి పేరు ఉండాలి. పని క్రమంగా అందించడమూ ముఖ్యమే. ఫ్రాన్సులో 1951 నుంచి విద్యాసంస్థల భవనాల ఖర్చులో 1 శాతం కళాకృతులకు కేటాయించే పద్ధతి ఉంది. తరువాత అది ఇతర ప్రభుత్వ భవనాలకూ విస్తరించింది. జిల్లాలో కట్టే కార్యాలయాలకు, బస్టాండ్లకు, ఉద్యానాలకు ఇలాంటి కేటాయింపు ఉంటే ముహూర్తాలు లేని నెలల్లోనూ శిల్పశాలలకు పని దొరుకుతుంది.

భౌగోళిక సూచిక ఆళ్లగడ్డ పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుంది, శిక్షణ చేతికి నేర్పునిస్తుంది, రుణం పనిముట్లు కొనిపెడుతుంది. పని లేకపోతే ఈ మూడూ వృథా. తగిన ధరకు, తగిన గడువుతో, ఏడాది పొడవునా అందే ఆర్డరే ఈ కళకు అసలైన పోషణ.