గుర్రం గుండె, గుర్రం నరం: సీమ చరిత్ర చెప్పే వైద్యపాఠం

కర్నూలు, కడప మండలాలు మేలుజాతి గుర్రాల పెంపకానికి అనువైన నేలలు కావు. అయినా శతాబ్దాల పాటు ఈ సీమ రాజకీయ భవితవ్యాన్ని నిర్ణయించిన బలాలలో అశ్వబలం ముఖ్యమైనది. విజయనగర ప్రభువుల యుద్ధాశ్వాలు హోర్ముజ్, ఏడెన్ రేవుల నుండి ఓడలలో వచ్చేవి. సాళువ నరసింహరాయలు చచ్చినవైనా, బ్రతికినవైనా మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల చొప్పున చెల్లించేవాడనీ, సముద్రం మీద మరణించిన గుర్రానికి తోక తెచ్చి చూపినా సొమ్ము ముట్టేదనీ పదహారవ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. తరువాతి కాలంలో కడప, కర్నూలు పఠాన్ నవాబుల బలమూ అశ్వసేనయే. 1751లో రాయచోటి సమీపాన జరిగిన పోరులో హైదరాబాదు పాలకుడు ముజఫర్ జంగ్, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ ఇరువురూ మరణించారు. అటువంటి రణరంగంలో గుర్రం కుప్పకూలితే రౌతు ప్రాణానికీ భరోసా లేదు.

మరి ఆ గుర్రం ఆరోగ్యాన్ని పరీక్షించినవారెవరు? మన దేశంలో అశ్వవైద్యానికి ఆద్యుడిగా శాలిహోత్రుని చెబుతారు. హిందుస్తానీలో గుర్రాల వైద్యుణ్ణి పిలిచే ‘సలోత్రీ’ అనే మాట ఆ పేరు నుండే పుట్టింది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ రచించాడు. అశ్వలక్షణ గ్రంథాలు గుర్రం రంగుకూ, ఒంటిమీది సుడులకూ, వాటి శుభాశుభ ఫలాలకూ పెద్దపీట వేశాయి. పళ్లను బట్టి వయస్సు, నడకను బట్టి సత్తువ తెలుసుకునే ప్రయోజనకరమైన జ్ఞానమూ ఈ సంప్రదాయంలో ఉంది. అయితే సుడి ఎక్కడున్నా అది గుండె సంగతి చెప్పదు.

గుండె సంగతి గుండెనే అడగాలి. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుండి 44 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. దవడ ఎముక కింది ధమనిపై వేలుంచి నాడి చూస్తారు. ఎడమ మోచేతి వెనుక స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వింటారు. నిలబడి ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రానికి కూడా అప్పుడప్పుడు ఒక స్పందన తప్పిపోవచ్చు. కాస్త పరుగెత్తించగానే లయ సరిపడితే సాధారణంగా భయం లేదు. సరిపడకపోతే, లేదా లయ ఎప్పుడూ అస్తవ్యస్తంగానే ఉంటే, ఈసీజీ తీసి కారణం వెతకాలి. రక్తపోటును తొలిసారిగా కొలిచినదీ గుర్రంలోనే. ఆంగ్ల మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ ఒక ఆడగుర్రం తొడ ధమనికి గాజు గొట్టం అమర్చగా రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకింది. ఆ ప్రయోగాన్ని ఆయన 1733లో ప్రచురించాడు.

నరాల పరీక్షకు నడకే ప్రధానం. గుర్రాన్ని తిన్నగా నడిపిస్తారు, చిన్న వలయంలో తిప్పుతారు, వెనుకకు అడుగులు వేయిస్తారు, నడుస్తుండగా తోకను పక్కకు లాగి చూస్తారు. వెనుక కాళ్లు తడబడితే, గిట్టలు నేలకు రాసుకుంటే, లోపం వెన్నుపాములో ఉండవచ్చు. మన దేశపు అశ్వశాలలలో ‘కుమ్రీ’ అనే జబ్బు ఈ విధంగానే కనిపించేది. నడుము అనే అర్థం గల ‘కమర్’ నుండి వచ్చిన పేరది. పశువుల ఉదరంలో నివసించే ఒక సన్నని పురుగు దీనికి కారణమని ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలానికి స్పష్టపడింది. దోమకాటు ద్వారా దాని పిల్లపురుగులు గుర్రంలో చేరి, దారితప్పి వెన్నుపామును దెబ్బతీస్తాయి. మనిషికి బోదకాలు కలిగించే పురుగుకు ఇది దూరపు బంధువు.

గుర్రాన్ని తీవ్రంగా పీడించే మరో నరాల వ్యాధి ధనుర్వాతం. చెవులు నిక్కబొడుచుకుంటాయి, దవడలు బిగుసుకుంటాయి, కంటి మూలనున్న మూడవ రెప్ప ముందుకు వస్తుంది, కాళ్లు కొయ్యలవలె చాపుకొని నిలబడుతుంది. ఈ వ్యాధికి అంతగా లోనయ్యే గుర్రమే మనిషికి మందునూ ఇచ్చింది. బేరింగ్, కిటసాటో 1890లో ప్రతివిషాన్ని కనుగొన్న తరువాత, గుర్రాల రక్తరసం నుండి తయారైన సూదిమందు ఎందరి ప్రాణాలనో కాపాడింది.

ఈ చరిత్ర నుండి పాఠకులు గ్రహించవలసినవి రెండు. విశ్రాంతిలో నెమ్మదిగా ఉన్న గుండె శ్రమలో లోపం బయటపెట్టవచ్చు. మనకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసేది ఇందుకే. కనుక మెట్లెక్కితే కొత్తగా ఆయాసమో, ఛాతీలో బరువో కలిగితే ఉపేక్షించరాదు. రెండవది, ధనుర్వాత క్రిమి నేటికీ మట్టిలోనూ, పశువుల పేడలోనూ ఉంది. పొలంలో ముల్లో, మేకో గుచ్చుకుంటే గాయాన్ని శుభ్రంగా కడిగి, వైద్యుని సలహాతో టీకా వేయించుకోవాలి.