దవడకి కట్టు పడిన రోజులు



ఈ ఏడాది మన కుటుంబాల్లోనే ముగ్గురికి దవడ ఆపరేషన్ అయింది. ఒకరు బండి మీంచి పడ్డ కుర్రాడు. ఒకరు నలభై ఏళ్లు వక్కాకుతో పొగాకు నమిలిన పెద్దాయన. మూడో మనిషి, పై పళ్లూ కింది పళ్లూ కలవక చిన్నప్పటినుంచి సరిగ్గా నమల్లేకపోయిన అమ్మాయి. ముగ్గురినీ చూడడానికి మనవాళ్లు బాగానే వెళ్లారు. సాత్తుకుడి పళ్లు, బన్ను, హార్లిక్స్ సీసా పట్టుకెళ్లి, "ఏమయ్యా, మాట్లాడవేం?" అని అడిగి వచ్చారు. అమ్మాయి విషయంలో అయితే "పెళ్లికోసం మొహం మార్పించుకుందంట" అనే మాట కల్యాణ మండపాల దాకా పాకింది. పెద్దాయన ఇప్పుడు ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. భోజనం కూడా తలుపేసుకుని ఒక్కరే. ఏం చేస్తే బాగుంటుందని ఆ ఇంటివాళ్లు మమ్మల్ని అడిగారు. మేము డాక్టర్లం కాదు. మందుల సంగతి డాక్టరే చెప్పాలి. పాత సంగతులు చదవడం మాకున్న అలవాటు కాబట్టి, ఇలాంటి కష్టాన్ని ముందటివాళ్లు ఎట్లా గట్టెక్కారో రాస్తున్నాం.

మన ఇళ్లలో దవడ అనే మాట తిట్టేటప్పుడే వస్తుంది. "దవడ పగలగొడతా" అనని తండ్రి లేడు. బడిలో తమిళంలో తాడై అని చదువుకున్నాం. సంస్కృతంలో హనువు. ఆంజనేయుడికి హనుమంతుడనే పేరు వచ్చిందే విరిగిన దవడ వల్ల. పసివాడు సూర్యుణ్ని పండు అనుకుని ఎగిరితే ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు, హనువు విరిగింది. తండ్రి వాయుదేవుడు అలిగి గాలి ఆపేశాడు, దేవతలు దిగొచ్చి వరాలిచ్చారు. ఇదంతా మనకు తెలుసు. దవడ మానేదాకా ఆ పిల్లాడికి అంజనాదేవి ఏం పెట్టి బతికించిందో మాత్రం ఏ హరికథలోనూ మేము వినలేదు.

సుశ్రుతుడు ఆ మాట పట్టించుకున్నాడు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో మూడో అధ్యాయం విరిగిన ఎముకల గురించి. దవడ కీలు తప్పితే ముందు కాపడం పెట్టి, ఎముకను చోటికి చేర్చి, పంచాంగి అనే అయిదు పట్టీల కట్టు కట్టమన్నాడు. అక్కడే ఇంకో మాట ఉంది. దెబ్బ తగిలి పళ్లు విరగకుండా కదిలి, రక్తం కారుతున్న పడుచువాడికి ఆ పళ్లను నొక్కి కుదిర్చి, చల్లని లేపనాలు వేసి, కలువ కాడతో పాలు తాగించమన్నాడు. కలువ కాడ లోపల బోలుగా ఉంటుంది. ఇవాళ మనం స్ట్రా అంటున్నది అదే. ఎముక కుదర్చడం ఎవరైనా రాస్తారు, ఆ తర్వాత నోరు కదపలేనివాడు పాలు ఎట్లా తాగాలో కూడా రాశాడే, అందుకు ఆయనకు దండం పెట్టాలి. (ఇప్పటి డాక్టర్లు కొన్ని ఆపరేషన్ల తర్వాత స్ట్రాతో పీల్చవద్దంటారు, కుట్ల మీద లాగుడు పడుతుందని. అడిగి తెలుసుకోండి.)

ఈజిప్టులో ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని ఒక వైద్యపు చుట్ట ఉంది. సుమారు 3600 ఏళ్ల కిందటి ప్రతి. కీలు తప్పిన దవడకు, రెండు బొటనవేళ్లూ నోట్లో పెట్టి మిగతా వేళ్లు గడ్డం కింద పట్టి వెనక్కి తొయ్యమని అందులో ఉంది. ఇవాళ ఆస్పత్రిలో చేసేదీ దాదాపు అదే. గ్రీసులో హిప్పోక్రటీస్ పేరున్న గ్రంథంలో, విరిగిన దవడకు పక్కపక్క పళ్లను బంగారు తీగతో గానీ నారదారంతో గానీ కట్టమని ఉంది. తీగతో కట్టడం అనే ఆలోచన అప్పటినుంచి నిన్నమొన్నటిదాకా వచ్చింది.

ఇక అమెరికా. 1865 ఏప్రిల్ 5న వాషింగ్టన్‌లో గుర్రాలు బెదిరి, విదేశాంగ మంత్రి విలియం సీవర్డ్ బండిలోంచి పడ్డాడు. చెయ్యి విరిగింది, దవడ రెండు పక్కలా విరిగింది. తొమ్మిదో రోజు రాత్రి లింకన్‌ను కాల్చిన ముఠాలోనివాడే ఒకడు, "డాక్టరు మందు పంపించాడు" అని చెప్పి ఇంట్లో చొరబడి మంచం మీదున్న మనిషిని కత్తితో పొడిచాడు. చెంప చీలింది. మనిషి బతికాడు. అప్పటికే విరిగిన దవడ, దానిమీద ఈ గాయం. చివరికి న్యూయార్క్ నుంచి థామస్ గన్నింగ్ అనే పళ్ల డాక్టరును పిలిపించారు. గట్టిపరిచిన రబ్బరుతో ఆయన పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి ఒకే అచ్చు చేశాడు. దవడ కదలదు. ముందు భాగంలో ఒక కంత వదిలాడు. ఆహారం పోసుకోవడానికి, మాట బయటికి రావడానికి. ఆ అచ్చును ఇప్పటికీ గన్నింగ్ స్ప్లింట్ అనే అంటారు. సీవర్డ్ మళ్లీ పనిలోకి వచ్చి 1867లో రష్యా దగ్గర అలాస్కా కొన్నాడు. ఆ కంత విలువ అంత.

1893లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు పై దవడలో పుండు పడింది. అప్పుడు డబ్బు సంక్షోభం. జూన్ 26న మన దేశంలో టంకసాలలు వెండి తెచ్చినవాళ్లకల్లా రూపాయలు అచ్చు వేయడం ఆపేశాయి, వెండి ధర పడిపోయింది, అక్కడ గగ్గోలు పుట్టింది. మన తాతల రూపాయి కూడా ఈ కథలో ఉందన్నమాట. అధ్యక్షుడికి జబ్బని తెలిస్తే బజారు కూలిపోతుందని, జూలై 1న సముద్రం మీద వనైడా అనే పడవలో రహస్యంగా ఆపరేషన్ చేశారు. కోతంతా నోటి లోపలినుంచే, మీసం కూడా తియ్యలేదు. ఖాళీ అయిన చోట రబ్బరు దవడ పెట్టారు. అది ఉంటే మాట మామూలుగా వచ్చేది, తీస్తే అర్థం కాదు. పళ్లు పీకించుకున్నాడని జనానికి చెప్పారు. నిజం రాసిన విలేఖరిని అబద్ధాలకోరు అన్నారు. 24 ఏళ్లు పోయాక, 1917లో, ఆపరేషన్లో ఉన్న డాక్టరు కీన్ బయటపెట్టాడు. రాజకీయం సంగతి ఎట్లా ఉన్నా, ఆ వారాల్లో ఆ మనిషి తన బాధ చెప్పుకోవడానికి కూడా ఇంటివాళ్లు, ఆ కొద్దిమంది స్నేహితులు తప్ప ఎవరూ లేకపోయారు.

అదే 1917లో ఇంగ్లండులో సిడ్‌కప్ అనే ఊళ్లో, యుద్ధంలో మొహం చెదిరిన సిపాయిలకోసం ఒక ఆస్పత్రి తెరిచారు. హెరాల్డ్ గిలీస్ పెద్ద సర్జన్. దవడల పనికి కెల్సీ ఫ్రై అనే దంతవైద్యుడు. ఈ ఫ్రై యుద్ధరంగంలో ఒక పాఠం నేర్చుకున్నాడు. దవడ చితికిన సిపాయిని తల ముందుకు వంచి నడిపించుకుని వచ్చినంతసేపు బాగానే ఉన్నాడు. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టగానే రక్తం, నాలుక గొంతుకడ్డం పడి ఊపిరాడక పోయాడు. అప్పటినుంచి అలాంటివాళ్లను కూర్చోబెట్టి ముందుకు వంచి తీసుకురమ్మని చెప్పడం మొదలుపెట్టాడు. మన ఇళ్లలో ఆపరేషన్ అయి వచ్చినవాణ్ని "అలిసిపోయాడు, పడుకోనీ" అని చదునుగా పడుకోబెడతారు. రెండు దిండ్లు ఎక్కువ వేసి తల ఎత్తులో ఉంచమని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. వాపు కూడా తగ్గుతుంది.

ఆ సిడ్‌కప్‌లోనే రోడ్డు పక్క కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. అక్కడ ఆ సిపాయిలు కూర్చుంటారు, చూసి అదిరిపడకండి అని ఊరివాళ్లకు గుర్తు. ఊరివాళ్లకు అది మేలే కావచ్చు. బెంచీ మీద కూర్చున్నవాడికి ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. మన పెద్దాయన గది తలుపు అటువంటి బెంచీయే అని మాకు అనిపిస్తుంది.

అందరికంటే ఎక్కువ కాలం ఈ బాధ పడ్డవాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనస్తత్వ శాస్త్రంలో అంత పేరున్న మనిషి. చుట్టలు మానలేదు, అదొకటి మన పొగాకువాళ్లు గుర్తు పెట్టుకోవాలి. 1923 ఏప్రిల్‌లో వియన్నాలో మొదటి ఆపరేషన్. చిన్న పని, సాయంత్రానికి ఇంటికి రావచ్చనుకుని వెళ్లాడు. రక్తం ఎక్కువ పోయింది. గదులు లేక ఒక చిన్న గదిలో ఇంకో రోగితో కలిపి ఉంచారు. ఆ రోగి మరుగుజ్జు, బుద్ధి ఎదగని మనిషి. ఇది చూసే వేళ కాదని నర్సులు భార్యనూ కూతురినీ పంపేశారు. వాళ్లు లేని సమయంలో మళ్లీ రక్తం కారడం మొదలైంది. అరవడానికి నోరు లేదు. గంట కొట్టబోతే గంట పనిచెయ్యలేదు. పక్క మంచం మీది ఆ మరుగుజ్జే పరిగెత్తి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. లేకపోతే ఫ్రాయిడ్ కథ అక్కడితో సరి. తిరిగి వచ్చిన కూతురు అన్నా ఆ రాత్రి ఎవరు పొమ్మన్నా కదల్లేదు.

తర్వాత పిచ్లర్ అనే సర్జన్ పై దవడలో పెద్ద భాగం తీసేశాడు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోయింది కాబట్టి ఒక కృత్రిమ దవడ పెట్టాలి. ఇంట్లో దానికి రాక్షసి అని పేరు. పెట్టుకుంటే ఒరుసుకుని పుండు, తీసేస్తే మాట రాదు, తిండి దిగదు. ఎక్కువసేపు తీసి ఉంచితే లోపల కండ బిగుసుకుపోయి మళ్లీ ఎక్కదు. ఒకసారి తండ్రీ కూతురూ అరగంట పెనుగులాడి చేతకాక సర్జన్‌ను పిలిపించుకున్నారు. కుడి చెవి వినికిడి పోయింది. రోగుల మాట వినడానికి తన కుర్చీని, వాళ్ల సోఫాను రెండో పక్కకి మార్పించుకున్నాడు. పని మానలేదు. పదహారేళ్లలో ముప్పైకి పైగా ఆపరేషన్లు. తల మొద్దుబారుతుందని గట్టి మందులు వద్దని చాలాకాలం ఆస్పిరిన్‌తోనే లాగాడు. అది అందరికీ చెప్పే మాట కాదు. డాక్టరిచ్చిన నొప్పి మాత్ర వేళకు వేసుకోవడమే మంచిది.

అన్నాతో ఆయనకు ఒక ఒప్పందం ఉండేది. జాలి మాటలు, కన్నీళ్లు వద్దు. చెయ్యాల్సింది డాక్టరు చేసినట్టు చెయ్యాలి, అంతే. 1939 సెప్టెంబర్ 23న లండన్‌లో పోయేదాకా ఆమె అట్లాగే చేసింది. పెద్దాయన ఇంటివాళ్లకు మేము ఈ సంగతి చెప్పాం. కోడలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మేము రోజూ ఆయన ముందే ఏడుస్తున్నాం" అంది.

అమ్మాయి సంగతికి వస్తాం. వంకర దవడను కోసి సరిచేసిన తొలి ఆపరేషన్ 1849లో అమెరికాలో హల్లిహెన్ అనే ఆయన చేశాడు. ఇరవై ఏళ్ల పిల్లకు. అయిదేళ్లప్పుడు నిప్పంటుకుని మెడ కాలి, ఆ మచ్చ ముడుచుకుపోయి కింది దవడను లాగేసింది. నోరు మూతపడదు, చొంగ ఆగదు. అందం కోసం కాదు, నోరు మూసుకోగలగడం కోసం మొదలైన వైద్యం అది. 1957లో ఆబ్వెగెసర్, ట్రౌనర్ అనేవాళ్లు నోటి లోపలినుంచే దవడను నిలువునా చీల్చి జరిపే పద్ధతి రాశారు. అప్పట్లో పై పళ్లూ కింది పళ్లూ తీగతో కలిపి ఆరు వారాలు కట్టేసేవారు. వాంతి వస్తే ఊపిరాడదని మంచం పక్కన తీగ కత్తెర పెట్టేవారు. 1970ల తర్వాత ఎముకకే చిన్న పలకలు, మరలు బిగించడం వచ్చింది. ఇప్పుడు అవి టైటానియంవి. అందుకే మన అమ్మాయికి రబ్బరు బ్యాండ్లే వేశారు. మన కుర్రాడికి మాత్రం తీగే కట్టారు కాబట్టి, కత్తెర ఎక్కడుందో ఇంట్లో ప్రతివాళ్లకూ తెలియాలి.

వాపు రెండో మూడో రోజుకి బాగా పెరుగుతుంది, భయపడకండి, కానీ ఊపిరికి ఇబ్బందైతే, రక్తం ఆగకపోతే, జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కింది పెదవి నెలల తరబడి మొద్దుబారి ఉండవచ్చు. చారు కారినా మనిషికి తెలియదు. మీరు చూసి నవ్వకుండా తువ్వాలు అందించండి. పండ్లు, బన్నులు వద్దు. పలచటి రాగి జావ, పప్పు కట్టు, మజ్జిగ గంజి, అన్నీ మిక్సీ వేసి నూలు గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా, కారం లేకుండా, కొంచెం కొంచెంగా రోజుకు ఆరేడుసార్లు. వెళ్లేటప్పుడు ఒకరో ఇద్దరో వెళ్లండి. అవును కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలే అడగండి.

వచ్చే ఆదివారం నుంచి పెద్దాయన దగ్గర రోజుకొకరు గంటసేపు కూర్చోవడానికి నలుగురు ఒప్పుకున్నారు. ఆయనకు చదరంగం ఇష్టం, దానికి మాట అక్కర్లేదు. సంఘం ఆఫీసులో రెండు పలకలు, బలపాలు, ఒక చేతి గంట కొని పెట్టాం. గంట మోగుతోంది, చూసుకున్నాం. కావలసినవాళ్లు తీసుకెళ్లి, పనయ్యాక తిరిగి ఇవ్వండి.